మావయ్యగారి రిమోట్ ప్లగ్గు

పెళ్లై మామిడికుదురు కాపరానికొచ్చిన కొత్తలో మావయ్యగారంటే నాకు హడల్. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన నవ్వగా నేను చూడలేదు.

టీవీని రిమోట్‌తో ఆపినా కింద చిన్న ఎర్రలైటు వెలుగుతూనే ఉండేది. అది ఆయనకి గిట్టేది కాదు. ఓ రోజు ఇంట్లో ఫ్యాన్లూ, ఫ్రిజ్జూ అన్నీ ఆపించి నన్ను మీటరు దగ్గరికి పిలిచేరు. లోపల చక్రం నత్తలా కదుల్తోంది.

"చూసేవామ్మా? టీవీ ఎవరూ చూట్టం లేదు. కరెంటు మాత్రం తాగుతోంది."

"ఆయ్, అవునండీ" అన్నాను.

అప్పట్నించీ టీవీ ఆపినప్పుడల్లా బల్ల వెనక్కి వంగి స్విచ్చి కూడా కట్టేసేవారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు. చూడలేక మావారు హైదరాబాదు నుంచి రిమోట్‌తో పనిచేసే ప్లగ్గు తెచ్చేరు. ఇక మావయ్యగారు వీధి అరుగు మీంచే టీవీకి కరెంటు ఆపెయ్యొచ్చు. అది చూసి, పక్కింట్లో ఉండే మావయ్యగారి తమ్ముడు, మా చిన్నమావయ్యగారు కూడా అలాంటిదే తెప్పించుకుని మిక్సీకి పెట్టేరు.

ఓ సాయంత్రం అత్తయ్యగారు సీరియల్లో మునిగిపోయి ఉండగా టీవీ ఠక్కున ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మీరేనా నొక్కింది?"

"నేనెందుకు నొక్కుతానే?" అంటూ మావయ్యగారు తన రిమోట్ నొక్కేరు. టీవీ వచ్చింది. వెంటనే పక్కింట్లోంచి చిన్నత్తయ్యగారి కేక!

పరిగెత్తేం. కొబ్బరి పచ్చడి గోడలకీ, పైకప్పుకీ, చిన్నమావయ్యగారి బట్టతలకీ.

"రుబ్బింది చాలని నేనే ఆపేనన్నయ్యా" అన్నారాయన తల తుడుచుకుంటూ. "మీ మరదలు మూత తీసింది. దానంతటదే తిరిగింది!"

ఇద్దరి చేతుల్లోనూ ఒకేలాంటి రిమోట్లు కనిపించేయి నాకు. భయపడుతూనే, "మావయ్యగారూ, ఇంటికెళ్లి మీది ఓసారి నొక్కండి" అన్నాను. ఖాళీ మిక్సీ దగ్గర చిన్నమావయ్యగారూ, టీవీ దగ్గర మావయ్యగారూ, ప్రహరీగోడ దగ్గర నేనూ.

"తిరిగిందా?"

"ఆయ్, తిరిగిందన్నయ్యా!"

"ఇప్పుడో?"

"ఆగింది!"

అక్కడ మిక్సీ గుర్రుమంటే ఇక్కడ సీరియల్లో కోడలు భోరుమనేది. మిక్సీ ఆగితే ఏడుపూ సగంలో ఆగేది. ఏ రిమోట్ నొక్కినా రెండిళ్ల ప్లగ్గులూ పనిచేస్తున్నాయన్నమాట! నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, గోడ పట్టుకుని చతికిలబడిపోయేను. తలెత్తి చూద్దును కదా, మావయ్యగారు గుమ్మంలో కళ్లజోడు తీసేసి, కళ్లు తుడుచుకుంటూ, శబ్దం రాకుండా ఊగిపోతున్నారు. వెనకాల అత్తయ్యగారు, "అయ్యో, నా సీరియలండీ!" అంటూనే నవ్వుతున్నారు.

తర్వాత ఆ ప్లగ్గు తీసేసి, కరెంటు పనివాణ్ణి పిలిచి టీవీ స్విచ్చి చేతికందే ఎత్తులో పెట్టించేరు. మావయ్యగారికి వంగే బాధ తప్పింది. పచ్చడి చిందిన ఆ సాయంత్రం మాత్రం, మలికిపురంలో మా అమ్మకి ఫోన్ చేసి చెప్పబోతే నవ్వుతో నాకు మాట రాలేదు.

"ఇలా ఇయ్యమ్మా" అని మావయ్యగారు ఫోను అందుకున్నారు. "వదినగారూ, ముందు మా తమ్ముడి తల సంగతి వినండి..."