ప్రసంగపీఠం మీద పెట్టిన దరఖాస్తు

మొన్న బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర మా చెల్లెలి ఇంట్లో ఉండగా, దాని కూతురు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన చేరి, స్టాటిస్టిక్స్, ఆరోగ్య అర్థశాస్త్రం కలిపి పరిశోధించడానికి స్టైపెండుతో సహా పీహెచ్‌డీ అవకాశం ప్రకటించారని, దరఖాస్తు నింపేశానని చెప్పింది. "సబ్మిట్ నొక్కేముందు ప్రార్థన చెయ్యి పెద్దమ్మా" అంటూ నా చెయ్యి తీసి దాని మీద పెట్టబోయింది. నేను చప్పున వెనక్కి లాక్కున్నాను. పిల్ల నొచ్చుకుంది. దానికేం తెలుసు?

మా రోజుల్లో దరఖాస్తంటే కాగితమే కదా. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి, పామర్రు దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో రోగుల రిజిస్టర్లు రాసేదాన్ని. నాట్ల రోజుల్లో ఆసుపత్రి వెలవెలబోయేది; నాట్లయిన వారానికి, కూలి పోతుందని జ్వరాన్ని ఓర్చుకున్న ఆడవాళ్లను మంచాల మీద మోసుకొచ్చేవాళ్లు. ఒక కుటుంబానికి జబ్బు నిజంగా ఎంత ఖరీదు పడుతుందో తేల్చాలని ఆ పుటలు తిప్పినప్పుడల్లా అనుకునేదాన్ని. సరిగ్గా ఆ విషయం మీదే పరిశోధనకు ఒక విశ్వవిద్యాలయం ఫెలోషిప్పు ఇస్తోందని పేపర్లో చూసి, ప్రభువు నన్ను పేరు పెట్టి పిలిచాడనుకున్నాను.

మా సంఘంలో ఉద్యోగం దరఖాస్తయినా, పెళ్లి శుభలేఖయినా ప్రసంగపీఠం మీద పెట్టి ప్రార్థన చేయించాకే బయటికి పంపేవాళ్లం. నేనూ దరఖాస్తు కవరులో పెట్టి అంటించి, స్టాంపులు అతికించి పీఠం మీద పెట్టాను. మూడు రోజులు సంఘమంతా ఉపవాసముంది. మా పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అనేవాళ్లం, ఆసుపత్రి కమిటీకి పెద్ద కూడా ఆయనే, "రేపు బెజవాడ వెళ్తున్నానమ్మా, రిజిస్టర్ పోస్టు నేనే చేసేస్తాలే" అన్నారు.

జవాబు రాలేదు. చూసి చూసి, ఒక ఆదివారం గుడిలో నేనే లేచి నిలబడి, దేవుడు ఆ తలుపు మూశాడని, ఆయన చిత్తానికి స్తోత్రమని సాక్ష్యం చెప్పాను. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అయ్యగారే.

పదేళ్ల తరువాత కొత్త గుడి కడుతూ పాత పీఠాన్ని విప్పినప్పుడు, తాళం వేసి ఉండే అడుగు అరలోంచి వడ్రంగి ఒక కవరు తీసి, పేరు చూసి నా చేతికిచ్చాడు. అంటించింది అంటించినట్టే ఉంది. స్టాంపుల మీద ముద్ర పడలేదు. ఆ తాళంచెవి ఎప్పుడూ అయ్యగారి దగ్గరే ఉండేది.

దాన్ని పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. "నువ్వెళ్లిపోతే ఆ రిజిస్టర్లు చూసేదెవరమ్మా? సంఘం కోసమే కదా" అన్నారు, తల దించుకోకుండానే. లోపలినుంచి అమ్మగారు "కాఫీ తాగి వెళ్లమ్మా" అని కేకేశారు. తాగాను కూడా.

కవరు ఆపడాన్ని ఎప్పుడో క్షమించగలిగేదాన్నేమో. నా సాక్ష్యానికి ఆమెన్ అన్నారే, అదే మింగుడుపడదు. ఒక మనిషి చేసిన పనిని దేవుడి మీద వేసి పదేళ్లు స్తుతించాను.

"ముందు నొక్కవే, ప్రార్థన తరువాత చేద్దాం" అన్నాను మొన్న పిల్లతో. నొక్కింది. ఎవరి అరలోనూ ఆగకుండా రెప్పపాటులో చేరవలసిన చోటికి చేరిపోయింది. అప్పుడు దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. నా విశ్వాసం ఎక్కడికీ పోలేదు. కానీ నీ చిత్తం ప్రభువా అనే మాట ఒకప్పుడు ఊపిరి తీసినంత తేలిగ్గా వచ్చేది. ఇప్పుడు అక్కడికి వచ్చేసరికి ఆగి, ఇది నీదేనా తండ్రీ అని ఒకసారి అడిగిగాని ముందుకు వెళ్లలేకపోతున్నాను.