రెండో ముద్రణలో మారిన మాట

రెండో ముద్రణలో నా నవలలో ఒక్క మాట మార్చాను. ఎందుకో ప్రచురణకర్తకు చెప్పలేదు.

ఇన్నేళ్లూ హత్య కథలు రాసిన నేను తొలిసారి గూఢచారి నవల రాశాను. కొందరు భేష్ అన్నారు. కొందరు మా శవాలు మాకు ఇచ్చెయ్యమని ఉత్తరాలు రాశారు. ఆ రోజుల్లోనే కరీంనగర్‌లో మంచిర్యాల బస్సెక్కితే, పక్క సీటాయన చేతిలో అదే పుస్తకం. రచయితను నేనేనని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

“ఎలా ఉంది?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. “గీ గూఢచారి దుబాయి నుంచి వచ్చిన మెట్‌పల్లి మనిషి లెక్క వేషమేసిండు. గని హోటల్‌ల చాయ్ తాగుకుంట ఒక్క మాటన్నడు. గాడనే దొరికిపోవాలె. ఎవ్వడు పట్టుకోలే.”

నాకు రోషం వచ్చింది. “‘సెలవు మీద వచ్చాను’ అన్నాడు. అందులో తప్పేముంది?”

“దుబాయి పోయినోడు సెలవంటడా? ఛుట్టీ మీద వచ్చిన అంటడు. నేను పన్నెండేండ్లు చేసొచ్చిన.”

అంటూనే ఆగాడు. చేతిలోని పుస్తకాన్నీ, దాన్ని చూడకుండానే ఆ మాట అప్పజెప్పిన నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. లక్సెట్టిపేట దాకా అటే చూస్తూ కూర్చున్నాను.

ఆయన అక్కడ దిగి, నా కిటికీ కిందికొచ్చి మెల్లగా అన్నాడు:

“మళ్ల ఖూనీ కథలే రాయుండ్రి సార్. వాట్లల్ల మీరు ఎన్నడు దొరకలే.”