గోల్కొండ ఫిరంగి గుండు

నాలుగేళ్లు నిండేసరికి మా బిడ్డకు ఇరవై దాకా లెక్క వచ్చేది. ఐదు నిండేసరికి పదకొండు దగ్గర ఆగిపోయేది. కడుపు నొప్పని ముడుచుకుని పడుకునేది, అన్నం ముట్టేది కాదు. దిష్టి తీశాం. బొంతపల్లి వీరభద్రుడి గుడిలో నిద్ర చేసి వచ్చాం. చివరికి పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించి, కాగితం చూస్తూ అడిగింది.

"ఇంట్ల సీసం ఏమన్న ఉన్నదా?"

నా భార్య నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

తొంభైల నాటి సంగతి ఇది. పటాన్‌చెరు అవతల ఒక షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసాన్ని భట్టీలో కరిగించి దిమ్మెలు పోయడం నా పని. షెడ్డు చుట్టుపక్కల ఇళ్లలో ఇంకో నలుగురు పిల్లలు ఇట్లాగే వాడిపోయారు. వాళ్లకు పొగ చుట్టుకుంది. మా ఇల్లు ఇంద్రేశం వైపు, పొగ అంత దూరం రాదు. మా ఇంటికి సీసాన్ని నేను మోసుకొచ్చాను.

ఒకరోజు దిమ్మెలు పోసే గరిటె అడుగున మిగిలిన సీసం చల్లారి, సగం కోసిన గుండులా ఊడి వచ్చింది. జేబులో వేసుకొచ్చి బిడ్డ చేతిలో పెట్టాను. ఉత్తగా ఇస్తే నా నోరు ఊరుకోదు కదా.

"గోల్కొండ ఫిరంగి గుండు బిడ్డా! మా షెడ్డుల గివే కరగబెడుతున్నం. ఈ ఒక్క గుండుకు ఏడు ఏనుగులు పడ్డయంట."

"మరి సగమే ఉన్నదేంది నాయినా?"

"తక్కిన సగం ఏడో ఏనుగు కడుపులనే ఉండిపాయె."

ఆనాటి నుంచి ఆ గుండు ఆమె దిండు కిందైనా ఉండేది, నోట్లోనైనా ఉండేది. తియ్యగుందని ఆమె చెబితే నవ్వాను కూడా. డాక్టరమ్మ అడిగిన రోజే దాన్ని గుడ్డలో చుట్టి అటకెక్కించాం.

ఆ నలుగురు పిల్లల తండ్రులతో కలిసి ఫిర్యాదు పెట్టాను. భట్టీ మూయించాలి, పిల్లల వైద్యం షెడ్డు యజమాని సేఠ్ చేయించాలి. అడిగింది అంతే. తనిఖీకి అధికారులు వచ్చేసరికి షెడ్డులో భట్టీ లేదు. ఆ చోట నేల చదును చేసి, గోడకు తెల్లగా సున్నం కొట్టేశారు.

"భట్టీ? కైసా భట్టీ సాబ్?" అన్నాడు సేఠ్. "మేం బ్యాటరీ డబ్బాలు పగలగొట్టి బయటికి పంపిస్తం, బస్."

అధికారులు కనబడిన సామానంతా రాసుకుని, సున్నం డ్రమ్ములో పడి ఉన్న గరిటెతో సహా సంగారెడ్డికి పట్టుకుపోయారు. భట్టీ ఉండేదని చూపించడానికి మా దగ్గర మిగిలింది ఆ గుండు ఒక్కటే.

విచారణ నాడు దాన్ని బల్ల మీద పెట్టారు. అధికారి మెత్తని మనిషి. బిడ్డను దగ్గరికి పిలిచి, "ఇది ఎక్కడిదమ్మా?" అన్నాడు.

"గోల్కొండది సార్! ఫిరంగి గుండు. ఏడు ఏనుగులు సచ్చినయి."

అందరూ నవ్వారు. సేఠ్ వకీలు మరీ గట్టిగా నవ్వాడు. "రాసుకోండి సార్. గోల్కొండదట. మా షెడ్డుది కాదు."

నా భార్య పళ్ల మధ్యనుంచి అంది: "ఇగ లే. ఎన్మిదో ఏనుగును గూడ తోలుకరా."

లేచాను. "అబద్ధం సార్. ఆ అబద్ధం బిడ్డది కాదు, నాది. గుండు షెడ్డుల భట్టీ కాడ, గరిటెలకెళ్లి తీసుకొచ్చిన."

"బిడ్డకొక మాట, సారుకొక మాట!" అన్నాడు వకీలు. "ఏది నమ్మాలయ్యా?"

"నా మాట నమ్మకుండ్రి. ఆ గరిటె తెప్పియ్యిండ్రి."

ఆ గరిటె అడుగు చిల్లు పడితే ఇనుప ముక్క వేసి అతికింది మేమే. అధికారి సున్నం గీకించి, గుండును అందులో పెట్టించాడు. గుండు అడుగునున్న గుంట, లోపలికి ఉబ్బి ఉన్న ఆ అతుకు మీద సరిగ్గా కూర్చుంది. గరిటెను ఊపినా గుండు కదల్లేదు. సేఠ్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

వకీలు వదల్లేదు. "సరే, మా గరిటెదే. ఎత్తుకపోయిందెవరు? పిల్ల చేతిల పెట్టిందెవరు?"

"నేనే."

"సీసం విషమని షెడ్డులో ఎవరైనా చెప్పారా?" ఈసారి అడిగింది అధికారి.

"ఎవ్వరు చెప్పలే సార్. గా చేతులతోనే బువ్వ తినేటోళ్లం."

రెండు జవాబులూ రాసుకున్నాడు. ఏది బరువు తూగిందో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. నెలకు పైగా ఎదురుచూశాక ఉత్తర్వు వచ్చింది. భట్టీ మళ్లీ పెట్టకూడదు, పిల్లల వైద్యం సేఠ్ బాధ్యత. తండ్రి అజాగ్రత్త కూడా ఉందని చివర ఒక వాక్యం. నా భార్య ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది.

ఆ కాగితం పట్టుకుని పట్నం ఆసుపత్రికి బస్సెక్కాం. బిడ్డ కిటికీ దగ్గర కూర్చుంది.

"నాయినా, ఏనుగులు సావలేదా?"

"ఏనుగులే లేవు బిడ్డా."

కాసేపు అలిగింది. తర్వాత తనంతట తానే ఎదురొచ్చే లారీలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు. ఆగిపోయింది. పన్నెండని అందించబోయిన నా భార్య చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంకో లారీ దాటిపోయింది. బిడ్డ నోరు తెరిచి దానివైపే చూస్తోంది.