బతికున్న ముఖానికి దండ

మా ఆఫీసు క్యాబ్ నడిపే అతను, తెలంగాణ ఇక రాదన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడు. రాయదుర్గంలో మా కంపెనీ గేటు బయట, మధ్యాహ్నం భోజనాల వేళ సంతాపసభ పెట్టారు. లోపల పెట్టుకోనివ్వలేదు. ఆఫీసులో రాజకీయాలు కూడదట! మనిషి పోవడం రాజకీయం ఎలా అవుతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

నాది కడప జిల్లా. ఆ రోజుల్లో క్యాంటీన్‌లో తెలంగాణవాళ్లది ఒక బల్ల, మాది ఒక బల్ల. సభకు వెళ్తున్నానంటే మా బల్ల దగ్గరి ఒకామె, "మీకెందుకండీ ఆ గోల?" అంది. ఒళ్లు మండింది. మియాపూర్‌లో మా ఇంటి తలుపు తెరుచుకునేదాకా బండి కదిలించని మనిషి అతను. ఆ మాత్రం విశ్వాసం లేకపోతే మనం తిన్నది అన్నమేనా?

ఏర్పాట్లన్నీ మా టీమ్ లీడ్ నెత్తిన వేసుకున్నాడు. వరంగల్ వైపు మనిషి, మంచివాడే, కానీ అన్నిటికీ తొందర. ఫోటో కోసం వెతికితే లైసెన్సు మీది బొమ్మ మాసిపోయి ఉంది. ఊరి నుంచి డ్రైవర్ తమ్ముడు ఫోనులో ఒకటి పంపాడు. అన్నదమ్ములిద్దరూ బండికి ఆనుకుని నిలబడ్డారు. ఒకతను పూర్తిగా పక్కకు తిరిగి నవ్వుతున్నాడు, ఇంకొకతను సూటిగా చూస్తున్నాడు. ఇద్దరిలో అన్న ఎవరో అడగకుండానే, టీమ్ లీడ్ సూటిగా ఉన్న ముఖాన్ని కత్తిరించి నిలువెత్తు ఫ్లెక్సీ వేయించాడు.

మేమంతా ఆ డ్రైవర్‌ని రోజూ చూసినవాళ్లమే, వెనక సీట్లోంచి. అతని మెడ తెలుసు, అద్దంలో కళ్లు తెలుసు. ముఖం తెలిసిన తోటి డ్రైవర్లకు ఆ పూట కూడా ట్రిప్పులు వేశారు. చూసి చెప్పే దిక్కు లేకపోయింది.

మెదక్ వైపు పల్లె నుంచి తల్లి బస్సులో వచ్చింది. అన్న కర్మకు గుండు చేయించుకున్న చిన్నకొడుకు వెంట ఉన్నాడు. "సభ అయినంక ఆ ఫోటో మాకిస్తరా బిడ్డా? ఇంట్ల వాని ఫోటో ఒక్కటి గూడ లేదు" అని వస్తూనే అడిగింది.

"నీ కోసమే చేయించినమమ్మా" అన్నాడు టీమ్ లీడ్.

అప్పటికే ఫ్లెక్సీకి దండ వేసి జోహార్లు పలుకుతున్నారు. జనం పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు. చూసి కొయ్యబారిపోయింది. మరుక్షణం ఆ దండను లాగి కింద పారేసి, వెనక్కి తిరిగి, చిన్నకొడుకు గుండు చుట్టూ చేతులు తిప్పి తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది.

"వీడు నా చిన్నోడు! బతికున్నోనికి దండేస్తిరి గదరా!"

టీమ్ లీడ్ చేతులు జోడించాడు. "తప్పయిందమ్మా, ఇంకోటి చేయిస్త" అన్నాడు. దేన్ని చూసి చేయిస్తాడు? ఉన్నది ఆ పక్కకు తిరిగిన చెంప ఒక్కటే.

తమ్ముడే ముందు తేరుకున్నాడు. "ఉండనియ్యమ్మా. కింద పేరైతే అన్నదే రాసిన్రు. నా మొఖముంటే ఏమైతది?"

"నోరు ముయ్యిరా!" అని అతని చేయి గట్టిగా పట్టుకుంది. ఆ తల్లిని చూస్తే భయం వేసింది నాకు.

భోజనాల గంట అయిపోయింది. అందరూ ఐడీ కార్డులు సర్దుకుంటూ లోపలికి పోయారు. టీమ్ లీడ్ కూడా తల వంచుకుని పోయాడు. కొడుకు చేత తాళ్లు విప్పించి, ఆమె ఫ్లెక్సీని ఫుట్‌పాత్ మీద పరిచింది. చింపుదామని రెండు చేతులతో అంచు పట్టుకుని ఆగిపోయింది. మిగిలింది నేనొక్కదాన్నే.

"చింపుదమంటే పెద్దోని పేరున్నదంట బిడ్డా. ఇంట్ల పెట్టుకుందమంటే చిన్నోని మొఖమున్నది. నన్నేం జెయ్యమంటవు?"

ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.