యాదమ్మక్క బండి ఆగిన రోజు

ఇవాళ ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నా ముందు ఓ పాత పికప్ బండి ఆగిపోయింది. కాగిన డీజిల్ వాసన గుప్పుమంది. వెనకవాళ్లు హారన్లు మోగిస్తూ ఆ డ్రైవర్‌ను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. దిగి, ఆ బండిని పక్కకు నెట్టాను. యాదమ్మక్క ఉంటే ముందు ఆ హారన్ల వాళ్ల సంగతి చూసేది.

యాదమ్మక్కది నల్లగొండ వైపు పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో టెంట్‌హౌస్ నడుపుతూ షామియానాలు, వంటగిన్నెలు కిరాయికిచ్చేది. నేను ఆమె డ్రైవర్‌ని. మాది కృష్ణా జిల్లా. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో ఆ పని మానెయ్యమని మా నాన్న పోరు పెట్టేవాడు. నేను వినలేదు. పని నేర్పిన మనిషిని ఊరి పేరు చూసి వదులుకోవడం నాకు చేతకాలేదు.

ఆమె పికప్‌కు అప్పుడే ఓ జబ్బు పట్టుకుంది. బయల్దేరినప్పుడు బాగానే నడిచేది. వేడెక్కాక ఆగిపోయేది, కాసేపు నిలబెడితే మళ్లీ కదిలేది. మెకానిక్ రేడియేటర్ కడిగాడు, ఫిల్టర్ మార్చాడు. జబ్బు మాత్రం వదల్లేదు.

అంతలో ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, బంతులు తీరి తినడం అప్పటి నిరసన పద్ధతి. గిన్నెలన్నీ అక్కవే. పక్కన ఆమె కూర్చుంది, నేను నడుపుతున్నాను. కొత్తపేట దాటకుండానే బండి ఆగింది. ఇంజిన్ మీద తడి గోనెసంచి కప్పాను. లాభం లేకపోయింది. గిన్నెల కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు నలుగురు వెతుక్కుంటూ వచ్చారు. నా మాట తీరు విని ఒకడి మొహం మారింది.

"ఆంధ్రోడు కావాలనే ఆపుతుండక్కా. తాళంచెవి మాకియ్యమను," అన్నాడు.

 ఇక ఈ పని వద్దనుకుని, తాళంచెవి అక్కకివ్వబోయాను. ఆమె పుచ్చుకోలేదు. వెళ్లి డోర్‌కు అడ్డంగా నిలబడింది.

"ఉద్యమం నాది గూడ. బండి నాది, డ్రైవర్ నావోడు. ముందుగాల బండికేమైందో చూడనియ్యున్రి."

డీజిల్ ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమంటూ గాలి లోపలికి పోయింది. మూత తీసి ఉంచే స్టార్ట్ చేశాను. కాసేపు దగ్గి, ఇంజిన్ అందుకుంది. మలుపుల్లో డీజిల్ చింది షామియానాలు కంపు కొడుతున్నాయని, ఆ మూత కింద సైకిల్ ట్యూబు ముక్క కోసి ఎవరో గట్టిగా బిగించారు. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రాక, ఇంజిన్ ఆకలితో ఆగిపోతోంది. మేమందరం వేడిని తిట్టుకున్నాం.

ఆ రబ్బరు ఎవరు పెట్టారో అక్కడ మాకెవరికీ తెలియదు. అక్క ఊరుకున్నా సరిపోయేది. ఆమె దాన్ని పీకి ఆ కుర్రాడి ముందు పట్టుకుంది.

"గిది వెట్టింది నేను. పిల్లగాన్ని ఏమన్నవో, గిప్పుడు నన్నను."

రబ్బరు తీసిన మూత పెట్టి బండి నడిపాను. చౌరస్తాలో అక్క నన్ను తన పక్కనే బంతిలో కూర్చోబెట్టుకుంది. అన్నం వడ్డించింది ఆ కుర్రాడే. నేను వద్దనలేదు, క్షమించాననీ అనలేదు. కడుపునిండా తిన్నాను.

అక్క పోయింది. ఇప్పుడు నాకూ రెండు బండ్లున్నాయి, ఇళ్లు మారేవాళ్ల సామాన్లు తోలతాను. మొన్న నాగోల్‌లో బీరువాకు గీత పడితే, ఇంటాయన మా ఒడిశా డ్రైవర్‌ను అతని రాష్ట్రం పేరెత్తి తిట్టడం మొదలుపెట్టాడు. నేను మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.

"తాళ్లు కట్టింది నేనండి. ఆ మాటేదో నన్ను అనండి," అన్నాను.

ఇంకెప్పుడూ నా బండిని పిలవనన్నాడు. పిలవకపోతే మానె.