సముద్రం వైపు వాకిలి

అరవైల్లో, మద్రాసులో ఇళ్ల డిజైను చదువుకునే మా పదిమందినీ మైపాడు దగ్గరి పల్లెకు పంపారు, మట్టితో, తాటాకుతో ఇల్లు కట్టడం నేర్చుకోమని. ఊళ్లో ఇళ్లన్నీ సముద్రానికి వీపు పెట్టి ఉన్నాయి. వీళ్లకు అందం తెలియదని జాలిపడి, మా గుడిసెకు వాకిలి సముద్రం వైపే పెట్టాం.

మాకు ఆకు కప్పడం నేర్పుతున్న జాలరి పెద్దాయన, "పొద్దస్తమానం దాన్నే చూస్తా ఉండాం గదయ్యా, ఇంటికొచ్చినాక గూడా అదే చూడాల్నా?" అన్నాడు. మేం నవ్వాం.

మూడో రోజు గాలి ఆ వాకిట్లోంచే దూరి కప్పు ఎగరేసుకుపోయింది. పెద్దాయన ఆకులన్నీ ఏరుకొచ్చి, ఆ వాకిలి మూసి, పడమట ఇంకొకటి తెరిచి, మళ్లీ కప్పాడు.

ఆ గుడిసె ఫొటో చాలాకాలం మా కాలేజీ గోడ మీద ఉంది. కింద, డిజైను చేసినవాళ్లుగా, మా పది పేర్లూ ఉన్నాయి.