నోటితో లాగిన చేపల తొట్టి నీళ్లు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. అన్నం తింటూ మాత్రం వినకండి.

మాది కృష్ణపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా కోడలు ముచ్చటపడి ఇంట్లో ఉప్పునీళ్ల చేపల తొట్టి పెట్టింది. చెంబులతో నీళ్లు తోడలేక, మార్చడం సులువవుతుందని ఒక గొట్టం కూడా కొన్నది.

ఒకనాడు తను డ్యూటీలో ఉండగా తొట్టి కంపు కొట్టింది. ఉన్న మూడు చారల చేపల్లో రెండు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, మూడోది కనబడలేదు. ఫోన్ చేశాను.

"అత్తా, గొట్టం పెట్టి సగం నీళ్లు తీసేసి, సముద్రంలోంచి కొత్త నీళ్లు తెచ్చి పొయ్యి. లేకుంటే చచ్చిపోతాయి" అంది ఏడుపు గొంతుతో.

గొట్టం మధ్యలో రబ్బరు బుడ్డి ఒకటి అడ్డంగా కనిపిస్తే పీకేశాను. పడవ ఇంజనుకు క్యానులోంచి డీజిలు లాగే అలవాటుంది కదా, పొడుగు ముక్క ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను.

నీళ్లతో పాటు మెత్తటిదేదో నాలుక మీదికి జారింది. రాయి వెనక చచ్చి కుళ్లిన మూడో చేప! ఆ జిగట, ఆ పొలుసులు, ఆ కంపు! గొట్టం వదిలితే మళ్లీ పీల్చాలి. అందుకని దాన్ని బకెట్లో పట్టుకునే పక్కకు తిరిగి కక్కాను.

"చేపలమ్మేదానివి చేపకు కక్కినావా? ఊరంతా నవ్వుద్ది మే" అన్నాడు మా ఆయన.

సాయంత్రం కోడలు నెత్తి కొట్టుకుంది. "అయ్యో అత్తా, ఆ బుడ్డి నొక్కితే నీళ్లు వాటంతటవే వస్తాయి గదా! నోరెందుకు పెట్టినావు?"

చేపలు రెండూ బతికాయి. నేను మాత్రం ఈనాటికీ చేపల పులుసు పెడితే పళ్లెం పక్కకు జరిపేస్తాను.

మీ ఇల్లు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి, మీ వంటింట్లోంచి ఎప్పుడూ కమ్మటి వాసనే రావాలి.